శ్రీకారం ఎక్కడ?

తంజావూరు సరస్వతీ మహలులోని తెలుగు తాటాకు గ్రంథాలను చూసినవారికి ఒక సంగతి తెలుసు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. ఆకు ఈ చివరనుంచి ఆ చివరదాకా అక్షరాలు చీమల బారులా సాగిపోతాయి. చదివేవాడికి మొదలు ఎక్కడో తెలియాలి. అది తెలిస్తే తక్కినది మెల్లగా విడదీసుకుంటాడు. శాసనాల్లో ఈ చిక్కు కొంత తక్కువ. తెలుగు శాసనమైనా, కన్నడ శాసనమైనా, తమిళ శాసనమైనా చాలావాటికి నెత్తిన 'స్వస్తి శ్రీ' అని ఉంటుంది. ఆ రెండు మాటల్లో రాజు పేరూ లేదు, దానమిచ్చిన భూమి కొలతా లేదు. ఇక్కడ మొదలు అని చెప్పడమే వాటి పని. ఏ పనైనా ఆరంభించడాన్ని మనం శ్రీకారం చుట్టడం అంటున్నామంటే అది ఇలాంటి అలవాటునుంచి వచ్చిన మాటే.

జీవకణానిదీ ఇదే చిక్కు. దాని చేతికి వచ్చే రాతలోనూ మాటల మధ్య ఎడం లేదు. ఆ రాతకు మొదలు ఎక్కడో కణం ఎలా కనిపెడుతుందన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది. ఆ వెతుకులాట కథే ఇక్కడ చెప్పబోతున్నాను. మన పిల్లలు ఈ పాఠాన్ని కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, కాకపోతే ఇంగ్లీషులోనో చదువుకుంటారు. పాఠంలో ఫలితాలుంటాయి, వాటి వెనక మనుషులుండరు. అందుకని మనుషుల సంగతి కాస్త ఎక్కువగా రాస్తున్నాను.

ముందు నాలుగు ముక్కలు అవసరం. జన్యువులో ఉన్న రాతకు కణం ఒక నకలు తీస్తుంది. ఆ నకలు పేరు మెసెంజర్ ఆర్.ఎన్.ఎ.; నేను దాన్ని రాయబారి అంటాను. అందులో నాలుగే అక్షరాలు: ఎ, యు, జి, సి. రైబోజోము అనే యంత్రం రాయబారిని పట్టుకుని మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ, ఒక్కో మూడింటికి ఒక్కో అమైనో ఆమ్లాన్ని అతికిస్తూ ప్రోటీను గొలుసు అల్లుతుంది. రక్తంలోని హీమోగ్లోబిను, చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిను, కంటికటకంలోని పదార్థం, అన్నీ ఇలా అల్లినవే.

ఇప్పుడు 'పలకకలపవరసనడక' అన్న రాత చూడండి. మొదటి అక్షరంనుంచి మూడేసి చదివితే పలక, కలప, వరస, నడక. ఒక్క అక్షరం ఆలస్యంగా మొదలుపెడితే లకక, లపవ, రసన, డక. మధ్యలో 'రసన' అని ఒక అర్థమున్న మాట దొరుకుతుంది గాని, వాక్యం మాత్రం చచ్చిపోయింది. కణంలోనూ అంతే. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే ఆ ప్రోటీను ప్రోటీను కాదు, చెత్త. అందుచేత మొదలు అనేది మర్యాద కోసం పెట్టుకున్న ఆచారం కాదు, ప్రాణం మీది సంగతి.

అసలు రాయబారి అనేవాడొకడు ఉన్నాడని తెలిసింది 1960లో. అంతకుముందు చాలామంది అనుకున్నది, ఒక్కో రైబోజోములో ఒక్కో ప్రోటీను తాలూకు సమాచారం శాశ్వతంగా ఇమిడి ఉంటుందని. ఆ ఏడు ఏప్రిల్ 15న, గుడ్ ఫ్రైడే నాడు, కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీలోని సిడ్నీ బ్రెన్నర్ గదిలో కొందరు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఫ్రాన్సిస్ క్రిక్ ఉన్నాడు. పారిస్ నుంచి వచ్చిన ఫ్రాన్స్వా జాకబ్ తమ ప్రయోగాల సంగతి చెబుతున్నాడు. వింటూ వింటూ బ్రెన్నర్‌కూ క్రిక్‌కూ ఒక్కసారిగా వెలిగింది: రైబోజోము ఏ రాతనైనా చదివే యంత్రం మాత్రమే, రాత బయటినుంచి వచ్చి పోతుంది. టేప్ రికార్డరు వేరు, క్యాసెట్టు వేరు అన్నమాట. ఆ సాయంత్రం క్రిక్ ఇంట్లో విందు. విందులో ఓ మూల జాకబ్, బ్రెన్నర్ కూర్చుని ప్రయోగానికి పథకం వేసుకున్నారు.

ప్రయోగం జరిగింది అదే వేసవిలో కాలిఫోర్నియాలో, మాథ్యూ మెసెల్సన్ ప్రయోగశాలలో. రోజుల తరబడి ఏదీ కుదరలేదు. రైబోజోములు సీజియం ద్రావణంలో విడిపోయేవి. తిరుగు ప్రయాణం దగ్గరపడుతుండగా నిరాశగా సముద్రం ఒడ్డున పడుకుని ఉన్నప్పుడు బ్రెన్నర్ దిగ్గున లేచి "మెగ్నీషియం" అని అరిచాడట. రైబోజోమును కట్టి ఉంచేది మెగ్నీషియం. సీజియం దాన్ని నెట్టేస్తోంది. పరుగున వెళ్ళి మెగ్నీషియం పాలు పెంచి మళ్ళీ చేశారు. ఈసారి వైరస్ తాలూకు కొత్త రాత పాత రైబోజోముల మీదే కనిపించింది. ఫలితం 1961 మే నెలలో అచ్చయింది. ఈ మెగ్నీషియాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఎందుకంటే అదే మే నెలలో, అమెరికాలో బెథెస్డా దగ్గర మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిక్ మత్తై అనే ఇద్దరు, యు అక్షరం తప్ప మరొకటి లేని కృత్రిమ ఆర్.ఎన్.ఎ.ను బాక్టీరియా రసంలో వేసి, ఫెనిలాలనీను అన్న ఒకే అమైనో ఆమ్లపు గొలుసు పుట్టడం చూశారు. జన్యుభాషలో మొదటి మాట అర్థమైంది. యు-యు-యు-యు అని సాగే ఆ రాతలో మొదలుపెట్టే గుర్తు ఏదీ లేదు. మరి రైబోజోము ఎలా మొదలుపెట్టింది? వాళ్ళు వాడిన ద్రావణంలో మెగ్నీషియం కణంలో ఉండేదానికన్నా ఎక్కువగా ఉంది. మెగ్నీషియం ఎక్కువైతే రైబోజోము మొదలూ తుదీ పట్టించుకోకుండా దొరికిన చోట పట్టుకుని చదివేస్తుంది. హరగోబింద్ ఖొరానా కృత్రిమ రాతలతో నిఘంటువు పూర్తి చేయడానికీ ఈ వెసులుబాటు ఉపకరించింది. నా ఉద్దేశంలో ఇది విజ్ఞాన చరిత్రలోని చక్కని చమత్కారాల్లో ఒకటి. మొదలు ఎక్కడ అన్న ప్రశ్నను పక్కకు నెట్టగలగడం వల్లనే భాష అంత తొందరగా తెలిసింది. 1968లో నిరెన్‌బర్గ్‌కూ, ఖొరానాకూ, రాబర్ట్ హాలీకీ నోబెల్ బహుమతి ఇచ్చేనాటికి నిఘంటువు చేతికొచ్చింది గాని, పుస్తకం ఎక్కడ తెరవాలో మాత్రం సగమే తెలుసు.

ఆ సగం 1964లో దొరికింది. కేంబ్రిడ్జిలో క్యెల్డ్ మార్కర్, ఫ్రెడరిక్ సాంగర్ బాక్టీరియాలో ఒక వింత అణువును చూశారు. మెథియొనీను అనే అమైనో ఆమ్లాన్ని మోసే వాహక ఆర్.ఎన్.ఎ.లలో ఒకదాని మీద, మెథియొనీను తలకు ఫార్మైల్ అనే చిన్న ముడి వేసి ఉంది. ఆ ముడి ఉంటే అటువైపు మరో అమైనో ఆమ్లం అతకదు. కాబట్టి అది గొలుసు మొదట్లో తప్ప ఇంకెక్కడా ఉండటానికి వీల్లేదు. రెండేళ్ళలో తేలింది: బాక్టీరియా ప్రోటీనులన్నీ దీనితోనే మొదలవుతాయి. దీన్ని పిలిచే మాట సాధారణంగా ఎ-యు-జి.

ఇక్కడ మన భీమవరం మనిషిని తలుచుకోకుండా ముందుకు పోలేను. ఆ ఫార్మైల్ ముడిని తెచ్చి ఇచ్చేది ఫోలిక్ ఆమ్లంనుంచి వచ్చిన పదార్థం. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం, 1945లో. మన కణాల్లో రైబోజోము రాయబారి మీద నడవడానికి కావలసిన శక్తి ఎ.టి.పి.; దాన్ని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి కనుగొన్నదీ సుబ్బారావుగారే, అదే ఏడు జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నాడు. ఆయన పర్యవేక్షణలో 1948లో వెలువడిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది, బాక్టీరియా రైబోజోము చిన్న ముక్కలో దూరి పని ఆపేస్తుంది. రైబోజోము లోపలి తీరు ఎవరికీ తెలియకముందే, 1948 ఆగస్టులో, ఆయన పోయారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, తిరిగి ఈ దేశంలో అడుగుపెట్టని ఆ మనిషి చేసిన పనులు ఈ కథలో ముచ్చటగా మూడుచోట్ల ఎదురవుతాయి.

అసలు కథకు వస్తాను. ఎ-యు-జి మొదలు గుర్తు అంటే సరిపోదు. మెథియొనీను గొలుసు మధ్యలో కూడా వస్తుంది, అక్కడా ఎ-యు-జి ఉంటుంది. అదిగాక అక్షరాలు నాలుగే కాబట్టి లెక్కప్రకారం ప్రతి 64 చోట్లలో ఒకచోట ఆ మూడూ ఊరికే కలిసిపడతాయి. ఆర్-17 అనే వైరస్ రాత సుమారు 3,500 అక్షరాలు. అందులో యాభైకి పైగా ఎ-యు-జిలు కాకతాళీయంగానే రావచ్చు. అప్పటికి తెలిసిన జన్యువులు మాత్రం మూడే. రైబోజోము ఆ మూడింటినీ ఎలా ఏరుకుంటోంది?

ఈ ప్రశ్నను చేతిలోకి తీసుకున్నది జోన్ స్టైట్జ్. హార్వర్డులో వాట్సన్ దగ్గర పరిశోధన ముగించి, భర్త థామస్ స్టైట్జ్‌తో కలిసి 1967లో కేంబ్రిడ్జి వచ్చింది. ఇది ఎప్పటికి తెములుతుందో తెలియదని అక్కడి మగ పరిశోధకులు వదిలేసిన సమస్య ఇది. ఆడదానికి విశ్వవిద్యాలయంలో పెద్ద ఉద్యోగం ఎలాగూ ఎవరూ ఇవ్వరు కాబట్టి ఓడినా పోయేదేమీ లేదనుకుని తీసుకున్నానని ఆమె తర్వాత చెప్పుకుంది. తలుపులు మూసేసిన లోకం తెలియక చేసిన మేలు ఇది అనాలో, ఎందరు ఆడవాళ్ళను ఇలా పోగొట్టుకుందో అని విచారించాలో నాకు తెలియదు. రెండూ నిజమే.

ఆమె పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. వానలో రోడ్డు మీద లారీ ఆగి ఉంటే దాని కింద నేల తడవదు. లారీ పోయాక ఆ పొడి మచ్చ చూసి అది ఎక్కడ నిలిచిందో చెప్పొచ్చు. స్టైట్జ్ రేడియోధార్మిక భాస్వరంతో గుర్తుపెట్టిన వైరస్ రాత మీద రైబోజోములను ఎక్కించి, కదలకుండా ఆపి, ఆర్.ఎన్.ఎ.ను కొరికేసే ఎంజైము కలిపింది. రైబోజోము కింద ఉన్న ముప్ఫయ్యేసి అక్షరాలు మిగిలాయి. మూడు ముక్కలు. వాటిని అక్షరం అక్షరం చదివి 1969లో అచ్చువేసింది. ఆ రోజుల్లో ముప్ఫై అక్షరాలు చదవడం అంటే నెలల చాకిరీ. మూడింటిలోనూ ఎ-యు-జి ఉంది, దానికి కాస్త ముందు ఎ, జి అక్షరాలు గుంపుగా ఉన్న చోటు ఉంది. ఒకదానిలో అది ఎ-జి-జి-ఎ-జి-జి-యు. దాని అర్థమేమిటో ఆనాడు ఎవరికీ పట్టలేదు. పట్టే వీలు కూడా లేదు, ఎందుకంటే తాళం దొరికింది గాని తాళంచెవి భూగోళం అవతల ఉంది.

ఆ అవతల కాన్‌బెరా. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో లిన్ డల్గార్నో దగ్గర జాన్ షైన్ అనే విద్యార్థి రైబోజోము చిన్న ముక్కలో ఉండే ఆర్.ఎన్.ఎ. చిట్టచివర ఏ అక్షరాలున్నాయో చదువుతున్నాడు. చూడబోతే ఇంత పొడిపని లేదు. 1,500 పైచిలుకు అక్షరాల గొలుసులో తోక చదివి ఏం లాభం? బాక్టీరియాలో ఆ తోక ఎ-సి-సి-యు-సి-సి-యు-యు-ఎ అని తేలింది. ఆర్.ఎన్.ఎ.లో ఎ-కు యు జత, జి-కి సి జత. రెండు పోగులు ఎదురెదురు దిక్కుల్లో పక్కపక్కన చేరతాయి. తోకను వెనకనుంచి జతపరిస్తే స్టైట్జ్ చదివిన ఎ-జి-జి-ఎ-జి-జి-యు అక్షరం పొల్లుపోకుండా అతుకుతుంది. రైబోజోము తన తోకతో రాయబారిని తడిమి, ఆ గుర్తు దగ్గర పట్టుకుంటుంది; అక్కడికి కొద్ది అక్షరాల దూరంలో ఉన్న ఎ-యు-జి సరిగ్గా చదివేచోటికి వచ్చి కూర్చుంటుంది. అదే కణం తాలూకు 'స్వస్తి శ్రీ'.

1974లో వెలువడిన ఆ పత్రం శీర్షికలో ముందు ఉన్నది ప్రోటీను ఆగే గుర్తులతో తోకకున్న పోలిక సంగతి. మొదలుపెట్టే చోట్ల సంగతి రెండోది. కాలం ఆ రెండోదాన్నే పట్టుకుని ఇద్దరి పేర్లనూ దానికి కట్టింది. ఇవాళ ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో అది షైన్-డల్గార్నో క్రమం. విద్యార్థి పేరు ముందు, గురువు పేరు తర్వాత రావడం కూడా నాకు బాగుంది.

పోలిక ఉన్నంతమాత్రాన అది నిజంగా జరుగుతున్నట్టు కాదు. 1975లో యేల్‌లో స్టైట్జ్, కారెన్ జేక్స్ ఇంకో ఉపాయం చేశారు. కొలిసిన్ ఇ-3 అని ఒక విషం ఉంది. ఒక తెగ బాక్టీరియా మరో తెగను చంపడానికి వాడుకునేది. అది రైబోజోము తోకను చివరినుంచి యాభై అక్షరాల దగ్గర తెగ్గోస్తుంది. రైబోజోము రాయబారిని పట్టుకున్నాక ఈ విషం వేసి, ప్రోటీనులన్నీ ఊడగొట్టి చూస్తే, తెగిన తోక, రాయబారి ముక్క ఒకదాన్నొకటి వదలకుండా జంటగా బయటికొచ్చాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అయినా 1987లో హూయి, డి బోయర్ అనే ఇద్దరు, విడిగా డాల్‌బర్గ్ బృందం, తోకలో అక్షరాలు మార్చి చూశారు. హూయి, డి బోయర్ మానవ వృద్ధి హార్మోను రాత ముందున్న గుర్తును మార్చారు, దానికి జతపడేలా కొన్ని రైబోజోముల తోకనూ మార్చారు. మారిన రైబోజోములు మారిన రాతను చదివాయి.

దీని ప్రయోజనం చిన్నది కాదు. బాక్టీరియా చేత మనిషి ప్రోటీను చేయించాలంటే ఆ రాత ముందు బాక్టీరియాకు తెలిసిన శ్రీకారం ఉండాలి. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మానవ ఇన్సులిను మొదలుకుని ఆ దారిన వచ్చిన మందులన్నిటికీ ఇది మొదటి షరతు.

మరి మనిషి కణంలో? షైన్, డల్గార్నోలే ఈ సంగతీ చూశారు. 1974లోనే వాళ్ళు మరో పత్రంలో చూపించినది, బాక్టీరియా కాని ఉన్నతజీవుల రైబోజోము తోకలో ఆ సి-సి-యు-సి-సి లేదని. అంటే మన రైబోజోముకు తడుముకునే వేలు లేదు. మన శ్రీకారం వేరే.

దాని మొదటి ఆనవాలు జపానులో పట్టుపురుగుల్ని చంపే ఒక వైరస్‌లో దొరికింది. రామనగరం, హిందూపురం వైపు పట్టు రైతులకు పురుగుల జబ్బుల సంగతి చెప్పనక్కరలేదు. మిషిమాలో ఫురుయిచి, మియురా ఆ వైరస్‌ను పరిశీలిస్తూ, అమెరికాలో నట్లీలో ఆరన్ షాట్కిన్ బృందం రియోవైరస్‌ను పరిశీలిస్తూ, ఇంకా కొందరు ఇతర చోట్ల, 1974-75లో దాదాపు ఒకేసారి చూసినది ఇది: రాయబారి తలమీద ఒక జి అక్షరం తలకిందులుగా, మూడు ఫాస్ఫేట్ల వంతెనతో, అతికించి ఉంది. దానికి క్యాప్ అని పేరు పెట్టారు. టోపీ. ఆ టోపీ ఊడగొడితే రాయబారిని కణం దాదాపు పట్టించుకోదని 1975లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఆ పత్రం మీద మొదటి పేరు ఎస్. ముత్తుకృష్ణన్.

టోపీ చూసి రైబోజోము పట్టుకుంటుంది సరే, ఎ-యు-జి ఎక్కడో దూరాన వంద అక్షరాల అవతల ఉంటే? దీనికి 1978లో మారిలిన్ కొజాక్ చెప్పిన జవాబు ఎంత సాదాగా ఉందంటే చాలామందికి మొదట రుచించలేదు. రైబోజోము చిన్న ముక్క టోపీ దగ్గర ఎక్కి, మెథియొనీనును చంకన పెట్టుకుని, అక్షరం అక్షరం వెతుక్కుంటూ నడుస్తుంది. ఎదురైన మొదటి ఎ-యు-జి దగ్గర ఆగుతుంది. అంతే. కొత్తగా వచ్చిన పోస్టుమాను వీధి మొదటి ఇంటినుంచి నంబర్లు చూసుకుంటూ పోయినట్టు. మరుసటి ఏడే ఆమె రాయబారిని గుండ్రంగా కలిపి, కొస అన్నది లేకుండా చేసి చూపించింది: మన జాతి రైబోజోము దాన్ని ఎక్కలేకపోయింది, బాక్టీరియాది ఎక్కింది.

కాని మొదటి ఎ-యు-జిని కూడా రైబోజోము కొన్నిసార్లు దాటిపోతుంది. అప్పుడు కొజాక్ చుట్టుపక్కల అక్షరాల్ని ఒక్కొక్కటే మార్చి, 1986లో తేల్చింది: ఎ-యు-జికి మూడక్షరాల ముందు ఎ గాని జి గాని, వెంటనే తర్వాత జి ఉంటే రైబోజోము గట్టిగా ఆగుతుంది. 1987లో సకశేరుకాల రాతలు 699 పోగుచేసి చూస్తే, ముందున్న ఆ మూడో చోట సుమారు 97 శాతం వాటిలో ఎ లేదా జి ఉంది. పిట్స్‌బర్గులో కూర్చుని ఆమె చాలా పత్రాలు ఒంటరిగా, ఒక్క పేరుతోనే రాసింది. పదిహేను మంది పేర్లుంటే తప్ప పత్రం కాదనే ఈ కాలంలో అది వింతగా కనిపిస్తుంది. 1988లో డొనహ్యూ బృందం ఈస్టు కణంలో మెథియొనీను వాహకం చదివే మూడక్షరాలను మార్చి, ఎ-జి-జి దగ్గర మొదలుపెట్టేలా చేసింది. ఎ-యు-జిని గుర్తుపడుతున్నది ఆ వాహకమేనని దానితో రుజువైంది.

ఇవి ప్రయోగశాల ముచ్చట్లు కావు. 1985లో ఫ్రాన్సులో ఒక థలసీమియా కుటుంబాన్ని పరీక్షించారు. ఆల్ఫా గ్లోబిను జన్యువులో ప్రోటీను తాలూకు రాత అంతా సక్రమంగా ఉంది. ఎ-యు-జి సక్రమంగా ఉంది. దాని ముందు రెండంటే రెండక్షరాలు లేవు. రైబోజోము ఆ మొదలు దగ్గర సరిగా ఆగక, రక్తానికి కావలసిన గ్లోబిను తగ్గిపోయింది. శాసనంలో దానం రాతంతా ఉండి 'స్వస్తి శ్రీ' చెదిరిపోతే దానం చెల్లకపోవడం లాంటిది. శాసనానికి అలా జరగదు, రక్తానికి జరుగుతుంది.

ఇక పోలియో. ఈ వైరస్ రాతకు టోపీ లేదని 1976లోనే తెలుసు. పైగా అసలు మొదలుకు ముందు 740 అక్షరాల పొడవున అరడజనుకు పైగా దొంగ ఎ-యు-జిలు ఉన్నాయి. కొజాక్ లెక్కన దీన్ని కణం చదవనే కూడదు. చదువుతుంది సరిగదా, తక్కినవాటిని మానేసి దీన్నే చదువుతుంది. వైరస్ తెచ్చిన ఎంజైము, టోపీకీ రైబోజోముకీ మధ్య నిలబడే ఒక ప్రోటీనును కోసేస్తుంది. కణం సొంత రాయబారులు టోపీలు పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోతారు. తనకు టోపీ లేదు గాని కణానికి పెట్టింది! అది ఏ దారిన లోపలికి వస్తున్నదో 1988లో మాంట్రియల్‌లో పెల్టియే, నాహుమ్ సోనెన్‌బర్గ్ చూపించారు, విడిగా వీమర్ బృందం ఎలుకల మరో వైరస్‌లో చూపించింది. ఆ 740 అక్షరాలు మడతలుపడి, రైబోజోమును నేరుగా మధ్యలోకి రప్పించుకునే పెరటి గుమ్మంగా పనిచేస్తాయి. కొజాక్ దీన్ని ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. మన కణాల రాయబారుల్లోనూ ఇలాంటి గుమ్మాలున్నాయని ఇతరులు రాసిన పత్రాలను ఒక్కొక్కటే పట్టుకుని లోపాలు ఎత్తిచూపింది. వైరస్‌ల విషయంలో ఆమె పట్టు నిలవలేదు. తక్కిన వాటిలో ఆమె అడిగిన గట్టి సాక్ష్యం వల్ల చాలా తాలు ఎగిరిపోయిందన్నది మాత్రం న్యాయం.

మన పిల్లల నోట్లో వేసిన చుక్కల మందుకు ఈ గుమ్మంతో సంబంధం ఉంది. ఆల్బర్ట్ సేబిన్ 1950లలో వైరస్‌ను పెంచి పెంచి మెత్తబరిచాడు. ఎందుకు మెత్తబడిందో ఆయనకు తెలిసే వీలు లేదు. 1980లలో రాతలు చదివితే బయటపడింది, ఆయన మందులోని మూడు రకాల్లోనూ ఈ గుమ్మంలో ఒక్కో అక్షరం మారి ఉందని: 480, 481, 472 చోట్లలో. ఆ మార్పుతో వైరస్ నరాల కణాల్లో తన రాతను సరిగా చదివించుకోలేదు. పేగులో మాత్రం బతికి రక్షణ నేర్పి పోతుంది. మూడో రకంలో 472వ అక్షరం సి బదులు యు. మందు వేసిన కొద్దిరోజుల్లో పేగులో అది తిరిగి సి అయిపోగలదు. లక్షల మందిలో ఏ ఒక్కరికో చుక్కలవల్లే పక్షవాతం రావడానికి ఇలాంటి తిరుగుమార్పులే కారణం. 1995లో పల్స్ పోలియో మొదలైంది. ఈ దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో. 2014 మార్చిలో పోలియో లేని దేశంగా ధ్రువపత్రం వచ్చింది. బడి వరండాలో బల్ల వేసుకుని పిల్లల చిటికెనవేళ్ళకు సిరా గుర్తు పెట్టిన మనలో చాలామందికి, ఆ చుక్కలోని వైరస్ గుమ్మంలో ఒక్కో అక్షరం మారి ఉందని ఎవరూ చెప్పలేదు.

ఇవన్నీ కళ్ళారా చూసే కాలం తర్వాత వచ్చింది. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ బృందం 2000లో బాక్టీరియా రైబోజోము చిన్న ముక్క రూపాన్ని అణువణువునా చూపించింది. అదే ఏడు దానిలో టెట్రాసైక్లిన్ ఎక్కడ కూర్చుంటుందో కూడా చూపించింది. 2001లో నోలర్ బృందం షైన్-డల్గార్నో జత పెనవేసుకుని ఉన్న బొమ్మ తీసింది. 2009 నోబెల్ రామకృష్ణన్‌కూ, అడా యోనత్‌కూ, థామస్ స్టైట్జ్‌కూ కలిపి ఇచ్చారు; ఈ థామస్ స్టైట్జ్ మన జోన్ స్టైట్జ్ భర్తే. 2014లో ఈస్టు రైబోజోము ఎ-యు-జి దగ్గర ఆగినప్పటి రూపాన్ని రామకృష్ణన్, అలన్ హిన్నెబుష్ బృందాలు ప్రకటించాయి. ఆ పనిలో ముందున్న తన్వీర్ హుస్సేన్ తర్వాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇదే పని కొనసాగించారు. అదే సంస్థలో ఉమేశ్ వార్ష్ణేయ, మొదలుపెట్టే వాహకానికి తక్కినవాటికి లేని గుర్తులేమిటో చాలా ఏళ్ళు పరిశీలించారు.

కథ ఇక్కడితో కుదురుకుందా అంటే లేదు. 2020లో జాన్స్ హాప్కిన్స్‌లో సైతో, రేచెల్ గ్రీన్, బస్కిర్క్ బాక్టీరియా రైబోజోము తోకను మార్చేసి, కణంలోని రాతలన్నీ ఒకేసారి పరిశీలించారు. ఆ గుర్తుతో జతపడే వీలు పోయినా రైబోజోములు చాలావరకు సరైన చోటే మొదలుపెట్టాయి. మారినది ఏ రాత ఎంత చదవబడింది అన్నది. అంటే షైన్-డల్గార్నో గుర్తు చోటు చూపడం కన్నా పిలుపు గట్టిదనం చూపుతోందన్నమాట. చోటు చెప్పే పనిలో ఎ-యు-జికీ, దాని చుట్టూ మడతపడకుండా ఉన్న ఖాళీకీ వాటా ఉంది. నలభై ఆరేళ్ళు పాఠ్యపుస్తకంలో ఉన్న వాక్యాన్ని కాస్త సవరించుకోవాల్సి వచ్చింది.

కోవిడ్ కాలంలో ఫైజర్, బయోఎన్‌టెక్ తయారుచేసిన టీకా ఒక రాయబారి ఆర్.ఎన్.ఎ. దానిని కొవ్వు బిందువుల్లో చుట్టి భుజంలోకి ఎక్కిస్తే, మన రైబోజోములు వైరస్ ముల్లు ప్రోటీనును చదివి తయారుచేస్తాయి. చదవాలంటే మొదలు తెలియాలి గదా. అందుకని దాని తలకు కృత్రిమ టోపీ పెట్టారు, ఎ-యు-జి ముందు కొజాక్ చెప్పిన అక్షరాలు అమర్చారు. టోపీకీ ఎ-యు-జికీ మధ్య రాతను మనిషి ఆల్ఫా గ్లోబిను జన్యువునుంచి తీసుకున్నారు. 1985లో పరీక్షించిన ఆ థలసీమియా కుటుంబంలో రెండక్షరాలు పోయినది సరిగ్గా ఆ చోటే. ఆ టీకా మన దేశంలో వాడుకలోకి రాలేదు; పుణెలోని జెనోవా కంపెనీ సొంతంగా చేసిన రాయబారి టీకాకు 2022 జూన్‌లో అత్యవసర అనుమతి వచ్చింది.